'తెచ్చారు' అని రాయమంటున్నారు, రాయనా?

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వైపు నుంచి ఒకాయన పదకొండు పేజీల ఉత్తరం రాశారు. వయసు 54. చాలా ఏళ్లు పార్లమెంటులో ఉన్న ఒక నాయకుడి దగ్గర, ఊళ్లోని ఆఫీసులో, 23 ఏళ్లు పీఏగా పనిచేశారు. పేర్లు, పార్టీ, ఏ సభ అన్నవి బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న మరికొన్ని వివరాలు నేనే మార్చాను. ఉత్తరం పొడుగునా ఆ నాయకుణ్ని 'పెద్దాయన' అనే రాశారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

పెద్దాయనకు 75 దాటాయి. ఇప్పుడు పదవిలో లేరు. ఉదయం పూట మాట బాగానే ఉంటుంది కానీ మధ్యాహ్నానికి పేర్లు మరిచిపోతున్నారు. కొడుకు వచ్చే ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నాడు. తండ్రి మీద ఒక అభినందన సంచిక వేయించి, పెద్ద సభ పెట్టి ఆవిష్కరించాలని అతని ఆలోచన. రాసే పని ఈయనకు అప్పగించాడు. అధ్యాయాల పేర్లు కూడా తనే రాసిచ్చాడు. రైలు తెచ్చారు, వంతెనలు తెచ్చారు, కమ్యూనిటీ హాళ్లు తెచ్చారు. చివరి అధ్యాయం పేరు 'తెలుగు భాషకు చేసిన సేవ'.

ఆ చివరిదాని దగ్గర కలం ఆగిపోయింది. ఈయన చిన్నప్పుడు చదివింది తెలుగు బడిలో. అక్కడ పాఠం చెప్పిన మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. మాస్టారు ఏడాదికి రెండుసార్లయినా పదిమందిని వెంటబెట్టుకుని, అర్జీ పట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు. పెద్దాయన టీ ఇప్పించి "చూద్దాం మాస్టారూ" అనేవారు. ఒకసారి మాత్రం ఢిల్లీకి ఉత్తరం తయారుచేయమన్నారు. ఈయన టైపు చేసి సంతకానికి పెడితే, "ఇప్పుడు కాదురా, ఎలచ్చన్లు అవనీ" అన్నారు. ఎలక్షన్లు అయ్యాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ అయ్యాయి. ఉత్తరం మాత్రం వెళ్లలేదు. దాని కార్బన్ కాపీ ఇప్పటికీ ఈయన ఇంట్లో, బీరువా డ్రాయరులో ఉంది. మాస్టారు నిరుడు పోయారు.

రెండో పక్క రుణం ఉంది. భార్యకు విశాఖపట్నంలో ఆపరేషన్ అయినప్పుడు పెద్దాయనే ఫోన్లు చేసి, డబ్బు సర్దారు. అమ్మాయి ఫీజు రెండేళ్లు ఆయనే కట్టారు. "వాళ్ల ఉప్పు తిన్నాం. అడిగినట్టు రాసిచ్చేయండి, అవన్నీ ఎవరు చదువుతారు?" అని భార్య అంటోంది. లా చదువుతున్న కూతురు పార్లమెంటు వెబ్‌సైటులో పెద్దాయన అడిగిన ప్రశ్నలన్నీ వెతికి చూసింది. తెలుగు బడుల గురించి ఒక్కటీ కనబడలేదు. "నాన్నా, నువ్వు రాస్తే అది నీ అబద్ధం అవుతుంది" అందట. "నిద్ర పట్టడం లేదు, బీపీ పెరిగింది. ఇన్నేళ్లు నేను చేసిందేమిటన్న టెన్షన్ పట్టుకుంది. రాయనా, మాననా, చెప్పండమ్మా" అని ముగించారు.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు పెద్దాయన మీద కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు ఏడో పేజీ దగ్గర ఆగాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఆయన ఆఫీసులోనే కూర్చున్నారని, ఫోను కలిసినంతసేపూ చేస్తూనే ఉన్నారని, కరెంటు పోతే మీరు టార్చి పట్టుకున్నారని, కొండల మీది ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ చీటీ చూడకుండా చెప్పారని రాశారు. ఆ పేజీలో మీ దస్తూరీ కూడా మారింది. మీకు ఆయనంటే అభిమానం. అది పోలేదు. పోయి ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు, రెండు ముక్కలు రాసి పడేసేవారు, లేదా తిట్టి వచ్చేసేవారు.

మీ చిక్కు ముందుగా ఒక క్రియాపదం దగ్గర ఉంది. 'తెచ్చారు'. మన వైపు నాయకుల మీద వేసే పుస్తకాలూ కరపత్రాలూ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి. సంతకు వెళ్లి కూరగాయలు తెచ్చినట్టు రైలు తెచ్చారు, రోడ్డు తెచ్చారు అంటాం. పార్లమెంటు సభ్యుడు చేసే పనికి నిజానికి వేరే మాటలు కావాలి. అడిగారు. వెంటపడ్డారు. ఒప్పించారు. అడ్డుకున్నారు. ఇంకొకటి కూడా ఉంది, ఊరుకున్నారు. ఏ పనికి ఏ మాట సరిపోతుందో, 23 ఏళ్లు ఆ ఫైళ్లు కట్టిన మీకు తెలిసినంతగా కొడుక్కి కూడా తెలియదు.

మీ రైలు సంగతే తీసుకోండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, రాజావారు వేయించిన లైను అది. 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. ఆ నారోగేజి 2004లో ఆగింది. బ్రాడ్‌గేజి మీద గుణుపురానికి రైలు మళ్లీ నడిచింది 2011లో. మధ్యలో ఏడేళ్లు. ఆ లైను ఆంధ్రలో మొదలై టెక్కలి, పాతపట్నం దాటి మీ దగ్గరికి వస్తుంది, కాబట్టి రెండు రాష్ట్రాల వాళ్లకూ దానితో పని. డబ్బు ఇచ్చేది రైల్వే శాఖ, అదీ ఏటా కొంత కొంత. ఇంత పొడుగు కథలో 'తెచ్చారు' అని ఒక్కరి పేరు రాస్తే ఊళ్లో పెద్దవాళ్లు పుస్తకం అక్కడే మూసేస్తారు. 'ఫలానా ఏడు సభలో అడిగారు, మంత్రి ఇలా జవాబిచ్చారు, పని కదలలేదు, మళ్లీ అడిగారు' అని రాస్తే ఎవరూ కాదనలేరు. ఒక పని కావడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో చాలామందికి తెలియదు. మీకు తెలుసు. అది రాస్తే చదువుతారు కూడా.

కమ్యూనిటీ హాళ్ల అధ్యాయం గురించి ఒక్క మాట. ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీలు తమ ప్రాంతంలో పనులకు సిఫారసు చేసే నిధుల పథకం, 1993లో మొదలైంది. ఏడాదికి 5 లక్షలతో మొదలై, కోటి అయి, 1998-99 నుంచి 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు అయింది. ఎంపీ సిఫారసు చేస్తారు. మంజూరు చేసి పని చేయించేది జిల్లా యంత్రాంగం. ఒడిశాలో ఒక లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ స్థానాలు ఉంటాయి, అంటే ఒక్కో చోటికి ఏడాదికి పడేది దాదాపు 71 లక్షలు. కరోనా రోజుల్లో అదీ కొన్నాళ్లు ఆపేశారు. అది ప్రజల డబ్బు, ఎవరు గెలిచినా వచ్చే డబ్బు. సంచికలో సగం పేజీలు శిలాఫలకాల ఫోటోలతో నిండితే, అంత కాలం చట్టసభలో కూర్చున్న మనిషి చివరికి హాళ్లు కట్టించిన మనిషిగా మిగిలిపోతారు. పెద్దాయన మీద గౌరవం ఉన్నవాళ్లు అది కోరుకోరు.

మరి ఆయన ప్రాధాన్యం ఏమిటి? ఏది ముందు పెట్టుకున్నారు? దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది కానీ మీరు దాన్ని జవాబుగా రాయలేదు.

ఉదయం ఆరున్నరకే వరండా నిండిపోయేదని రాశారు. రైలు టికెట్టు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లు ఎమర్జెన్సీ కోటా లెటర్ కోసం, జబ్బుపడినవాళ్లు ప్రధానమంత్రి సహాయ నిధికి ఉత్తరం కోసం, పిల్లల్ని కేంద్రీయ విద్యాలయంలో చేర్చాలనుకునేవాళ్లు సీటు కోసం. ఎంపీ చేతిలో ఉన్న ఆ పది సీట్ల కోటా 2022లో రద్దయిందాకా, ఏప్రిల్ వచ్చిందంటే మీకు అన్నం తినే తీరిక ఉండేది కాదన్నారు. పార్లమెంటు జరుగుతున్నా శుక్రవారం రాత్రికి రైలెక్కి వచ్చేసేవారని, శుక్రవారం మధ్యాహ్నం సభలో ఉన్నట్టు మీకు గుర్తే లేదని కూడా రాశారు. శుక్రవారం మధ్యాహ్నమే కదా మామూలు సభ్యులు సొంతంగా బిల్లులు పెట్టుకునే సమయం. అలాంటి బిల్లులు చట్టాలయింది స్వతంత్రం వచ్చాక మొత్తం పద్నాలుగే, చివరిది 1970లో. కాబట్టి ఆ సమయం వదులుకున్నందుకు ఆయన్ని మరీ తప్పుపట్టను. కానీ వరండాకీ సభకీ పోటీ వచ్చిన ప్రతిసారీ ఆయన వరండానే ఎంచుకున్నారు. అదే ఆయన ప్రాధాన్యం.

దాన్ని నేను చిన్నచూపు చూడను. గుండె ఆపరేషన్‌కు ఉత్తరం అందిన ఇంటికి ఆ ఉత్తరమే పార్లమెంటు. మీ ఇంటికీ అంతే జరిగింది. అయితే వరండాలో జరిగే మేలు ఒక్కొక్క మనిషికీ విడివిడిగా జరుగుతుంది. సభలో అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు అందరికీ కలిపి వస్తుంది. మాస్టారు అడిగింది ఈ రెండో రకం. ఆయన తన మనవడికి సీటు అడిగి ఉంటే ఆ సాయంత్రానికే ఉత్తరం చేతికి వచ్చేది, మీరే టైపు చేసి ఇచ్చేవారు. ఆయన ఊరి పిల్లలందరికీ ఒక టీచరును అడిగారు. అలాంటి కోరికకు ఆ వరండాలో చోటు లేదు. టీ ఇచ్చి, 'చూద్దాం' అని పంపడం తప్ప పెద్దాయనకు ఇంకేం చేయాలో తెలియలేదేమో అని నాకు అనిపిస్తోంది.

తెలియకపోవడం ఒక్కటే కాదు, భయం కూడా ఉండి ఉంటుంది. మీది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తమ భాషకంటూ ఒక రాష్ట్రం కోసం ఎన్నో ఏళ్లు పోరాడిన ఒడియావాళ్లకు ఆ తేదీ పండుగ. సరిహద్దులో మిగిలిన తెలుగువాళ్లకు ఆ జ్ఞాపకం వేరు. ఇద్దరి ఓట్లూ కావలసిన నాయకుడు అక్కడ నాలుక మడుచుకునే మాట్లాడతాడు. ఆ భయం ఎంత నిజమో నాకు అనుమానమే. 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, బరంపురం సీటునే ఉంచుకున్నారు. అచ్చమైన తెలుగాయన్ని గెలిపించిన జనం ఒక బడికి టీచరు కావాలన్నంత మాత్రాన ఎవరినైనా ఓడిస్తారా? కానీ ప్రతి ఎన్నికా చివరిదేమో అనుకునే మనిషికి ఈ లెక్క తలకెక్కదు.

టీచరును వేయడం రాష్ట్ర ప్రభుత్వం పని, ఎంపీ సంతకం పెట్టినంత మాత్రాన మాస్టారి స్థానంలో ఇంకొకరు వచ్చేవారని చెప్పలేం. ఈ మాట మీరు మనసుకు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఉత్తరం వెళ్లి ఉంటే బడి నిలిచేదన్నట్టుగా మీరు బాధపడుతున్నారు. అలాగని ఆయన చేతిలో ఏమీ లేదనీ కాదు. ప్రాథమిక స్థాయిలో మైనారిటీ భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణలో ఉంది. ఆ విషయాలు చూడడానికి 350బి కింద ప్రత్యేక అధికారి పదవి ఉంది, భాషా మైనారిటీల కమిషనర్ అంటారు. రెండూ 1956లో, భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు, సరిగ్గా మీలాంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకుని చేర్చినవే. లోక్‌సభ అయితే 377 నిబంధన కింద, రాజ్యసభ అయితే ప్రత్యేక ప్రస్తావన కింద చిన్న కాగితం చదివితే చాలు, ప్రభుత్వం లిఖితంగా జవాబు పంపవలసి వస్తుంది. అంత కాలంలో ఒక్కసారి అడగవలసింది. అడగలేదు. అక్కడ రాయవలసిన క్రియ 'ఊరుకున్నారు'.

ఇంకొక ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోకండి. మీ అమ్మాయి ఏ మీడియంలో చదివింది? పదకొండు పేజీల్లో ఆ సంగతి లేదు. ఇంగ్లిషు మీడియం అయితే అది నేరమేమీ కాదు, నా పిల్లలూ అందులోనే చదివారు. కానీ ఆ బడి పలచబడడంలో పెద్దాయన మౌనం ఎంతో, మనలాంటి తల్లిదండ్రుల నిర్ణయాలు కూడా అంతే. మొత్తం బరువు ఒక్క సంతకం మీద పెడితే పెద్దాయనకు అన్యాయం. మీకూ మేలు చేయదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఫలానాది చేయండని నేను చెప్పను, ఊళ్లో రేపు తలెత్తుకుని తిరగవలసింది మీరు.

మానేస్తే? కొడుకు ఇంకొకరిని పట్టుకుంటాడు. బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో డబ్బుకు రాసేవాళ్లు దొరుకుతారు. అబద్ధం ఎలాగూ అచ్చవుతుంది, అందులో మీ చెయ్యి ఉండదు, అంతే. తిత్లీ రాత్రి గురించి మాత్రం ఎవరూ రాయరు, ఎందుకంటే ఆ టార్చి పట్టుకున్నది మీరొక్కరే. ఆరోగ్యం బాగోలేదని సాకు చెప్పి తప్పుకోవచ్చు, బీపీ నిజమే కాబట్టి అది పూర్తిగా సాకు కూడా కాదు. కానీ ఆ ఇంటికి రాకపోకలు తగ్గుతాయి. దానికి సిద్ధపడాలి.

అడిగినట్టు రాసేసి, పేరు పెట్టుకోకుండా ఉంటే? మీ భార్య చెబుతున్నది దాదాపు ఇదే. ఆవిడ మాట నేను తేలిగ్గా తీసేయను. ఆపరేషన్ థియేటర్ బయట మీరు కూర్చున్న రోజు ఆవిడ లోపల ఉంది, ఆ రుణం బరువు ఆవిడకే ఎక్కువ తెలుసు. అయితే ఒక తేడా ఆవిడతో నెమ్మదిగా మాట్లాడండి. మీరు తిన్నది పెద్దాయన ఉప్పు. సంచిక అడుగుతున్నది కొడుకు, అదీ తన ఎన్నికల కోసం. పెద్దాయన తన నోటితో 'నా గురించి ఇలా రాయి' అని మిమ్మల్ని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండు రుణాలూ ఒకటి కావు. పేరు లేకపోతే తెలియదనుకోవడం కూడా పొరపాటు. ఊళ్లో ఆ ఇంటి కాగితాలు ఎవరు రాస్తారో అందరికీ తెలుసు. ఆవిష్కరణ సభకు మాస్టారి పిల్లలు కూడా వస్తారు. మీ అమ్మాయి చేసిన వెతుకులాట రేపు ప్రత్యర్థి పార్టీ కుర్రాడూ చేస్తాడు. పార్లమెంటు చర్చలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. 'తెలుగుకు సేవ' అని అచ్చువేసి దొరికిపోతే ఎక్కువ నష్టపోయేది కొడుకే. ఈ మాట అతనికి చెప్పవచ్చు, అతనికి అర్థమయ్యే భాష ఇది.

రాస్తాను కానీ ఫైళ్లలో ఉన్నదే రాస్తాను అంటే? కష్టమైన దారి ఇది. మీకు ఇష్టమైనది కూడా ఇదేనని మీ ఉత్తరం చెబుతోంది. 'తెచ్చారు' ఉన్న ప్రతి చోటా సరైన క్రియ పెట్టి, తేదీ వేయడం. చివరి అధ్యాయం శీర్షిక మార్చమని అడగడం. తెలుగువాళ్లతో ఆయనకున్న సంబంధం గురించి నిజాలు చాలానే ఉన్నాయి. అర్జీ పట్టుకొచ్చిన తెలుగువాళ్లతో తెలుగులోనే మాట్లాడారు, ఉగాదికి పంచాంగ శ్రవణంలో కూర్చున్నారు, రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కున్నవాళ్ల కాగితాలకు సాయం చేశారు. అవి రాయండి. 'సేవ' అన్న మాట వద్దనండి. అలా రాస్తే కొడుకు కోసేయవచ్చు, పాత మాటలే మళ్లీ అతికించవచ్చు. అందుకని ముందే, పని మొదలుపెట్టకముందే, 'నేను రాసింది మారిస్తే నా పేరు తీసేయండి' అని కాగితం మీద రాసి ఇచ్చి, కాపీ దగ్గర పెట్టుకోండి. అతను ఒప్పుకోకపోతే మొదటి దారిలోకి వచ్చినట్టే, అప్పుడు మీకు చెప్పుకోవడానికి నిజమైన కారణం కూడా ఉంటుంది.

ఈ దారి వైపు నా మనసు మొగ్గడానికి ఒక కారణం ఉంది. గిరిధర్ గమాంగ్ గారు గుణుపురం ప్రాంతం మనిషి. కోరాపుట్ నుంచి తొమ్మిదిసార్లు లోక్‌సభకు గెలిచారు. ఇవాళ ఆయన పేరు ఎత్తితే దేశమంతా ఒక్క రోజే గుర్తు చేసుకుంటుంది, 1999 ఏప్రిల్ 17. ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూ, ఇంకా ఎంపీ పదవి వదలకుండా, లోక్‌సభకు వచ్చి విశ్వాస తీర్మానం మీద ఓటేశారు. ఓటేయడం మానడం ఆయన విచక్షణకే వదిలేశారు స్పీకర్ బాలయోగి గారు. వాజపేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. ఆ 270 మందిలో ఎవరి ఓటైనా ఒక్కటే, కానీ చరిత్రలో ఆ ఓటు ఆయన పేరు మీద నిలిచిపోయింది. తొమ్మిది విడతల్లో మిగతా రోజులన్నీ ఏం చేశారో చెప్పేవాళ్లు తక్కువ. దగ్గర ఉండి చూసినవాళ్లు రాయకపోతే ఇలాగే జరుగుతుంది. మీ పెద్దాయన విషయంలో ఆ దగ్గర ఉన్న మనిషి మీరు.

మీ పక్క ఊరు పాతపట్నం నుంచి ఇంకొక జ్ఞాపకం. 1952లో అక్కడి నుంచి లోక్‌సభకు గెలిచిన వి.వి. గిరి గారు బరంపురంలో పుట్టినవారు, రైల్వే కార్మిక సంఘాల్లో ఎదిగినవారు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో, ఆ పదవి వదిలేశారు. దీన్ని పెద్దాయనను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఒక నాయకుడి జీవితం రాసేటప్పుడు ఎక్కడ చూడాలో చెప్పడానికే. ఆయన దేనికోసం దేన్ని వదులుకున్నారు? తిత్లీ రాత్రి నిద్ర వదులుకున్నారు. మాస్టారి ఉత్తరం కోసం ఓట్లు వదులుకోలేకపోయారు. రెండూ ఒకే మనిషి. ఈ రెండు వాక్యాలూ ఒకే పుస్తకంలో పట్టించగలరా అన్నదే మీ పని.

ఆఫీసు కాగితాల గురించి జాగ్రత్త చెప్పాలి. మీ దగ్గర పాత ఫైళ్లు కొన్ని ఉన్నాయన్నారు. వాటిలో రోగుల వివరాలు, అప్పులవాళ్ల గోడు, పెళ్లి కాని అమ్మాయిల సంగతులు ఉంటాయి. నమ్మి వరండాలోకి వచ్చినవాళ్ల రహస్యాలవి. వాటిని సంచికలో వాడకండి, ఎవరికీ ఫోటో తీసి పంపకండి. కార్బన్ కాపీ విషయంలోనూ అంతే. మీ అమ్మాయి వయసులో దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తుంది. పెడితే ఆ మధ్యాహ్నానికే అది ఎన్నికల కరపత్రం అయిపోతుంది. మాస్టారి పేరు రెండు పార్టీల మధ్య బంతి అవుతుంది. ఆ మాట అమ్మాయికి మీరే చెప్పండి, మీరు చెబితే వింటుంది.

అసలు మిమ్మల్ని నిద్రపోనివ్వనిది సంచిక కాదని నా అనుమానం. సంచిక లేకపోయినా ఆ డ్రాయరు అక్కడే ఉండేది. వెళ్లని ఉత్తరం ఒకటుంది, దాన్ని టైపు చేసింది మీరు. అది పంపడానికి ఇప్పుడు ఎవరి సంతకమూ అవసరం లేదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఏ పౌరుడైనా తన ఇబ్బంది గురించి రాష్ట్రంలోనో దేశంలోనో వాడే ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులోనే రాయండి. భాషా మైనారిటీల కమిషనర్‌కు ఒకటి, జిల్లా విద్యాధికారికి ఒకటి, ఇప్పటి ఎంపీకి ఒకటి. రాసేముందు ఒక పని ఉంది. ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలన్నది 1949లో విద్యామంత్రుల సమావేశం నుంచి వస్తున్న కొలత. కాబట్టి ముందు ఇంటింటికీ తిరిగి లెక్క రాయండి. నలభై మంది దొరకవచ్చు. దొరకకపోవచ్చు కూడా, పిల్లలున్నా తల్లిదండ్రులు సంతకం పెట్టకపోవచ్చు. అప్పుడు ఆ సంగతి కూడా మీకు తెలుస్తుంది, మాస్టారు ఏటా పదిమందితోనే ఎందుకు వచ్చేవారో అర్థమవుతుంది. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. లా చదువుతోంది, అర్జీ ఎలా రాయాలో మీకంటే బాగా తెలుస్తుంది. ఆ ఇళ్లు ఎవరివో మాత్రం మీకే తెలుసు.

ఇంకొక దారి ఉంది. మీరు రాయలేదు కానీ పదో పేజీలో దాని చుట్టూ తిరిగారు. పెద్దాయన్నే అడగడం. "ఆ రోజు సంతకం ఎందుకు పెట్టలేదు బాబూ?" అని. కోప్పడవచ్చు. "ఏ ఉత్తరంరా?" అనవచ్చు. అప్పుడు గుర్తు చేయాలని పట్టుబట్టకండి, మరపు మొదలైన మనిషిని బోనులో నిలబెట్టినట్టు అవుతుంది. లేదా ఆయన మీకు తెలియని కారణం ఏదైనా చెప్పవచ్చు. అలా చెబితే సంచికలో పెట్టుకోవడానికి కాదు, మీకోసం వినండి. కొడుకు ఎదురుగా అడగవద్దు, బెదిరిస్తున్నారనుకుంటాడు.

వెళ్లాలనుకుంటే ఉదయం ఎనిమిదికి ముందే వెళ్లండి, మాట బాగుండే వేళ. ఆయనకు చూపు కూడా ఆనడం లేదన్నారు, కార్బన్ కాపీ అక్షరాలు ఇప్పటికి వెలిసిపోయి ఉంటాయి. పెద్ద అక్షరాల్లో మళ్లీ టైపు చేయించి పట్టుకెళ్లండి. చదవలేకపోతే మీరే చదివి వినిపించండి.